అటక మీద పాడైన విక్టోరియన్ బొమ్మరిల్లు: విప్పి మళ్ళీ నిలబెట్టిన కేసు

ఈ ఇంటికి వయసు వల్ల వచ్చిన జబ్బు ఒక్కటీ లేదు. పైకప్పు పెంకులు రాలడం, పక్క గోడ వంగడం, మెట్లు ఊడి హాల్లో పడి ఉండటం, సగం దీపాలు వెలగకపోవడం, అన్నీ మొదట కట్టినప్పుడు వాడిన జిగురు వల్ల, ఒకవైపే రంగు వేసి రెండోవైపు పచ్చి చెక్కను వదిలేయడం వల్ల వచ్చినవే. ముందే ఎందుకు చెప్తున్నానంటే, పాత బొమ్మరిల్లు చేతికి రాగానే చాలామంది ఊడిన ముక్కలన్నీ పోగేసి గబగబా మళ్ళీ అతికించేస్తారు, అది ఒక ఎండాకాలం దాటదు. ఎందుకు ఊడిందో తేలేదాకా జిగురు సీసా మూత తీయకూడదు అన్నది నా పద్ధతి.

కేసు ఇది. ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉండే మా తెలుగువాళ్ళలో ఒక అక్క ఎస్టేట్ సేల్‌లో పెద్ద చెక్క బొమ్మరిల్లు కొంది. ఎస్టేట్ సేల్ అంటే ఇంటి పెద్దవాళ్ళు పోయాకో, ఇల్లు ఖాళీ చేసేటప్పుడో సామానంతా అక్కడికక్కడే అమ్మేయడం. ఇలాంటి ఇళ్ళు అక్కడ చవగ్గా దొరుకుతాయి, ఎందుకంటే మోసుకెళ్ళడానికి ఎవరికీ ఓపిక ఉండదు. నేను ఖాళీ టైంలో ఈ పనులు చేస్తానని తెలిసి నా గ్యారేజీకి తెచ్చి దించింది. "తమ్ముడూ, పాప ఆడుకోవాలి, సంక్రాంతికి బొమ్మల కొలువులో కూడా పెట్టాలి, రెండూ కుదురుతాయా?" అని అడిగింది. కుదురుతుంది అక్కా, కానీ పాప ఆటకు తట్టుకునేలా చేస్తాను, కొలువుకి ఎలాగూ సరిపోతుంది అన్నాను. ఈ మాట ముందే తేల్చుకోవడం మంచిది. అద్దాల బీరువాలో పెట్టే ఇల్లు వేరు, ఆరేళ్ళ పిల్ల తలుపులు లాగే ఇల్లు వేరు.

ఇల్లు విక్టోరియన్ తరహాది, అంటే 19వ శతాబ్దంలో విక్టోరియా రాణి కాలం నాటి ఇళ్ళ నమూనా. మూడంతస్తులు, ముందు బే కిటికీ, అంటే గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చే కిటికీ, చుట్టూ వరండా, ఒక మూల బురుజు, పైన మాన్సార్డ్ కప్పు. మాన్సార్డ్ అంటే నాలుగు వైపులా దాదాపు గోడంత నిటారుగా దిగే కప్పు, అందులోంచే కిటికీలు బయటికి పొడుచుకొస్తాయి. 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాంస్వా మాన్సార్ పేరు మీద వచ్చింది, మూడో నెపోలియన్ కాలంలో పారిస్‌లో మళ్ళీ ఊపందుకుని, 1860, 70ల్లో అమెరికా అంతా పాకింది. అక్కడి పాత పేటల్లో ఇలాంటి అసలు ఇళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

కొలత 1:12, అంటే అసలు ఇంట్లో అడుగు ఇక్కడ అంగుళం. మనసులోనే లెక్క కట్టేసుకోవచ్చు, అందుకే ఈ కొలత నిలబడిపోయింది. విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు కూడా ఇదే కొలతలో కట్టిందే. 1924లో పూర్తయిన ఆ ఇంటికి డిజైన్ చేసినాయన ఎడ్విన్ లుట్యెన్స్, మన రాష్ట్రపతి భవన్‌కి చేసినాయనే. దాంట్లో లిఫ్టులు కదులుతాయి, కుళాయిల్లో నీళ్ళొస్తాయి. మన కేసు అంత గొప్పది కాదు, పెట్టెలో ప్లైవుడ్ రేకులుగా వచ్చే కిట్ ఇల్లు. మూడు మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ మీద ముక్కలు అచ్చు గుద్దేసి ఉంటాయి, వాటిని ఊడదీసి, ఒక ముక్క అంచుకున్న నాలుక పక్క ముక్క గాడిలో దూర్చి నిలబెట్టుకోవాలి. అచ్చు పడ్డ వైపు అంచు నలిగిపోతుంది, వెనకవైపు పీచు లేస్తుంది. ఉప్పుకాగితంతో రుద్దకుండా దూర్చితే నాలుక గాడిలో పూర్తిగా కూర్చోదు, ఆ సందుని జిగురుతో నింపేస్తారు. ఇక్కడ కూడా అదే జరిగింది.

చెయ్యి పెట్టే ముందు చూసింది

మొదటి పని రంగు పరీక్ష. అమెరికాలో ఇళ్ళకీ బొమ్మలకీ సీసం కలిసిన రంగుని 1978లో నిషేధించారు. ఈ కిట్‌తో వచ్చిన సూచనల కాగితం అడుగున ఇంకా ఉంది, దాని మీద 1982 అని ఉంది. అంటే నిషేధం తర్వాతదే, కానీ కట్టినాయన ఇంట్లో మిగిలిన పాత డబ్బాలోంచి రంగు తీసి వేసి ఉండడని ఎవరు చెప్పగలరు? హార్డ్‌వేర్ షాపులో దొరికే పరీక్ష పుల్లతో ప్రతి రంగునీ రుద్ది చూశాను. సీసం కనబడలేదు. కనబడి ఉంటే పొడిగా రుద్దే ప్రసక్తే లేదు, ఆ దుమ్ము పిల్లలకి విషం. మీరు పాత ఇల్లు కొంటే మిగతావన్నీ మానేసినా ఇది మానకండి.

తర్వాత ప్రతి అతుకునీ వేలితో నొక్కి చూసుకుంటూ పోయాను. కింది అంతస్తు అంతా గట్టిగా ఉంది. అక్కడ వాడింది పసుపు రంగు వుడ్ గ్లూ, మన ఫెవికాల్ జాతిదే, అది చెక్కలోకి ఇంకి పట్టేస్తుంది. రెండో అంతస్తు నుంచి పైకి మాత్రం అతుకులన్నీ హాట్ గ్లూ. తుపాకీలోంచి వేడిగా కారే ఆ ప్లాస్టిక్ జిగురు నిమిషంలో గట్టిపడుతుంది, కింద సగం కట్టాక ఆ మనిషికి ఓపిక పోయినట్టుంది. హాట్ గ్లూ చెక్కలోకి ఇంకదు, పైన ఒక పొరగా కూర్చుంటుంది అంతే. ఇల్లు ఏళ్ళ తరబడి అటక మీద ఉంది. ఒహాయో అటక ఎండాకాలం పొయ్యి మీద ఉన్నంత వేడి, చలికాలం గడ్డకట్టే చలి. వేడికి ఆ జిగురు మెత్తబడి జారుతుంది, చలికి పెళుసుబారి పట్టు వదిలేస్తుంది. చాలాచోట్ల జిగురు ముద్ద చెక్కుచెదరకుండా ఒక ముక్కకి అంటుకుని ఉంది, రెండో ముక్క మాత్రం శుభ్రంగా విడిపోయి ఉంది. ఆ గుర్తు కనబడితే కారణం ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

ఎడమ పక్క గోడ అప్పడంలా వంకర తిరిగింది. బయట ఎనామిల్ రంగు రెండు పొరలుంది, లోపల పచ్చి చెక్క మీద నేరుగా వాల్‌పేపర్ అంటించారు. రంగు వేసిన వైపు చెమ్మని రానివ్వదు, పోనివ్వదు. వేయని వైపు గాలిలో తడి ఎక్కువైతే ఉబ్బుతుంది, హీటర్లు నడిచే కాలంలో ఎండి ముడుచుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల చెక్క ఆ లాగుడుకి ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? కుడి గోడ అడుగున మెట్ల చట్రం బిగించి ఉండటంతో కొంత నిలబడింది.

విప్పడం

మొత్తం విప్పలేదు. కింది అంతస్తు పెట్టె గట్టిగా ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. పైన హాట్ గ్లూ ఉన్నచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ డ్రాపర్‌తో అతుకు అంచున ఒక్కో బొట్టు వేస్తే, అది జిగురుకీ చెక్కకీ మధ్య దూరి పట్టు వదిలిస్తుంది, తర్వాత సన్నటి చాకు ఆడిస్తే ముక్క దానంతటదే వస్తుంది. ఇక్కడ జాగ్రత్త ఏమిటంటే ఆల్కహాల్ రంగుని కూడా మెత్తబరుస్తుంది, కుమ్మరిస్తే కాపాడాలనుకున్న పాత రంగు కూడా పోతుంది. నిప్పు అంటుకునే సరుకు, గ్యారేజీ తలుపు తెరిచి పెట్టుకునే చేశాను.

ముక్కలు వచ్చాక వాటి అంచుల నుంచి పాత జిగురంతా గీకి, ఉప్పుకాగితంతో పచ్చి చెక్క కనబడేదాకా రుద్దాలి. ఇది విసుగు పని, ఈ కేసులో ఎక్కువ సమయం పోయింది దీనికే. కానీ వుడ్ గ్లూ పట్టేది చెక్కనే, హాట్ గ్లూ మరక మీద పూస్తే దానికి ఇంకడానికి చోటుండదు. ఇలా సిద్ధం చేసిన అతుకుని మాస్కింగ్ టేప్‌తో, చిన్న క్లాంపులతో బిగించి మర్నాటిదాకా కదపలేదు. గంటలో గట్టిపడ్డట్టు కనిపిస్తుంది, పూర్తి బలం మాత్రం రోజు గడిస్తేనే.

వంగిన గోడకి చేసింది ఇది. వాల్‌పేపర్ తీసి, లోపలికి గుంటపడిన వైపు తడిగుడ్డ పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి, చెక్క తడి పీల్చుకున్నాక చదునైన బల్ల మీద పెట్టి బరువులు వేశాను. మధ్యలో సన్నటి పుల్లలు పెట్టి, వంపుకి ఎదురు దిశలో కొంచెం ఎక్కువే వంచాను, ఎందుకంటే బరువు తీయగానే చెక్క కొంత వెనక్కి వస్తుంది. బాగా ఆరాక తీసి అదే రోజు రెండు వైపులా ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత, వేశాను. ఒకవైపు ఈ రోజు, రెండోవైపు వచ్చే వారం అంటే మళ్ళీ మొదటికొస్తుంది. పైగా లోపలి మూలల్లో పావు అంగుళం బాస్‌వుడ్ (తేలికపాటి చెక్క) బద్దలు నిలువుగా అతికించాను, పైన మోల్డింగ్ (అలంకారపు అంచు పట్టీ) వస్తుంది కాబట్టి బయటికి కనబడవు. కొంతమంది ఇలాంటి గోడని పారేసి కొత్త ప్లైవుడ్ కోసేస్తారు. తప్పేం లేదు, కానీ కిటికీ రంధ్రాలు మళ్ళీ కొలిచి కోయడం కంటే ఇదే తేలిక.

పైకప్పు

మాన్సార్డ్ కప్పు నిటారుగా ఉంటుంది కాబట్టి పెంకులు ముఖాముఖి కళ్ళ ముందే ఉంటాయి, దొంగ పని దాగదు. ఇవి దేవదారు చెక్కతో చేసిన చిన్న పెంకులు. ముప్పావు అంగుళం వెడల్పు, బయటికి కనిపించేది అంగుళం, అంటే చదరపు అడుగుకి 192 పడతాయి. ఈ ఇంట్లో రెండు వైపుల్లో బాగానే ఉన్నాయి, మిగతా రెండు వైపుల్లో సగానికి పైగా రాలిపోయాయి. రాలినవి కొన్ని అక్క ఒక కవర్లో పోసి ఇచ్చింది.

కొత్త పెంకులు పసుపచ్చగా, పాతవి బూడిద రంగులో ఉన్నాయి. దీనికి దుకాణంలో దొరికే ఏ స్టెయినూ సరిగ్గా కలవదు, అందుకే వంటింటి పద్ధతి వాడాను. స్టీల్ వూల్, అంటే సన్నటి ఉక్కు పీచు, ముక్కని వెనిగర్‌లో నానబెడితే ఇనుము కరిగి ఒక ద్రవం తయారవుతుంది, అది చెక్కలోనూ టీలోనూ ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి బూడిద రంగునిస్తుంది. మూత గట్టిగా బిగించకూడదు, గ్యాసు పుడుతుంది. ముందు పెంకుల్ని చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, తర్వాత ఈ ద్రవంలో ముంచితే రంగు బాగా పడుతుంది, ఎంతసేపు ముంచితే అంత ముదురు. కొన్ని ఎక్కువసేపు, కొన్ని తక్కువసేపు ముంచాను. పాత వాటిలో కూడా ఏ రెండూ ఒక్క రంగులో లేవు మరి. అప్పుడు పాతవీ కొత్తవీ ఒకే గంపలో కలిపేసి చేతికి ఏది వస్తే అది పెట్టుకుంటూ పోయాను. కొత్తవన్నీ ఒకచోట పెడితే మాసిక తెలిసిపోతుంది.

రంగు ముందు, జిగురు తర్వాత. జిగురు అంటిన చోట రంగు ఇంకదు. ఇంకో విషయం, ఇంత పల్చటి పెంకులకి వుడ్ గ్లూ వాడకూడదు, దాంట్లో నీరుంటుంది, వెనకవైపు తడిసి అంచులు పైకి లేస్తాయి. నీళ్ళు లేని కన్‌స్ట్రక్షన్ అధెసివ్ సన్నగా గీతగా వేసి, కప్పు మీద పెన్సిల్‌తో అడ్డగీతలు గీసుకుని, కింది వరస నుంచి పైకి, ఇటుక కట్టుబడిలో పెట్టినట్టే సందులు ఒకదాని మీద ఒకటి రాకుండా పెట్టాను. హాట్ గ్లూని ఇంత తిట్టాను కదా, పెంకుల కోసం దాన్ని వాడేవాళ్ళున్నారు, బరువు లేని పని కాబట్టి హాల్లో ఉండే ఇంటికైతే సరిపోతుంది. అటకకి పోయే ఇంటికి నేను వాడను.

దీపాలు

పాత ఇంట్లో రాగి టేపు వైరింగ్ ఉంది. రెండు సన్నటి రాగి పట్టీలు పక్కపక్కనే ఉన్న అంటుకునే టేపు అది, గోడ మీద అతికించి పైన వాల్‌పేపర్ వేసేస్తారు. ఒక టేపు మీద ఇంకో టేపు దాటే చోట రెంటికీ మధ్య జిగురు పొర అడ్డు ఉంటుంది, కాబట్టి రెండు పొరల్లోంచీ దిగేలా చిన్న ఇత్తడి మేకులు కొట్టాలి. కరెంటు దాటేది వాటి ద్వారానే. కరెంటు వస్తోందో లేదో చూపే మల్టీమీటర్ ముళ్ళతో టేపు వెంట గుచ్చుకుంటూ పోతే రెండు చోట్ల కరెంటు ఆగిపోతోంది, రెండూ వంగిన ఎడమ గోడ మీదే. గోడ వంగినప్పుడు మేకులు వదులయ్యాయి. గోడ చదును చేశాక కొత్త మేకులు కొడితే మొత్తం లైను బతికింది. ముందే దీపాల పని మొదలుపెట్టి ఉంటే టేపంతా పీకి కొత్తది వేయాల్సి వచ్చేది.

బల్బులు మాత్రం మార్చాను. పాతవి గోధుమగింజంత ఉండే 12 వోల్టుల బల్బులు, ఒక్కొక్కటి 50 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, 14 దీపాలకి 700. వేడెక్కుతాయి, మాడిపోతాయి, పిల్ల చెయ్యి తగిలే ఇంట్లో ఇష్టం లేదు. వాటి బదులు పసుపు వెలుగు ఎల్‌ఈడీలు పెట్టాను. ఎల్‌ఈడీకి మూడు వోల్టులు పోతే మిగతా తొమ్మిది రెసిస్టర్, అంటే కరెంటుని అదుపు చేసే చిన్న భాగం, తినాలి. లెక్క ప్రకారం 470 ఓములు వేస్తే 20 మిల్లీ ఆంపియర్లకి దగ్గరగా వస్తుంది, కానీ అంత చిన్న గదిలో అది ఆపరేషన్ థియేటర్ వెలుగు. 1000 ఓములు వేస్తే తొమ్మిది మిల్లీ ఆంపియర్లే, గ్యాసు దీపాల కాలం నాటి మసక కుదురుతుంది. 14 దీపాలకీ కలిపి 126, అంటే వాటున్నర. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ ఇస్తుంది, ఎల్‌ఈడీలకి డీసీ కావాలి, దాన్ని పక్కనబెట్టి 12 వోల్టుల డీసీ అడాప్టర్ పెట్టాను. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తిరగబడితే వెలగదు, పాత బల్బులకి ఆ బాధ లేదు. అందుకని టేపులో ఏ పట్టీ ప్లస్సో అడుగున మార్కర్‌తో రాసిపెట్టాను.

షికాగోలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో థోర్న్ రూమ్స్ అని 68 చిన్న గదులు ఉన్నాయి, 1930ల్లో చేయించినవి, ఎక్కువ భాగం ఇదే కొలతలో. వాటిలో వెలుగు పైనుంచి వేలాడే దీపం కంటే కిటికీల బయటినుంచి, పక్కగది తలుపులోంచి వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే అంత నిజంగా ఉంటాయి. అది చూసిన దగ్గర్నుంచి నేను మెట్ల వెనక, కంటికి కనబడని చోట ఒక దీపం పెడతాను. ఈ ఇంట్లోనూ పెట్టాను, పాపకి నచ్చింది ఆ ఒక్కటే, మిగతావి ఆర్పేసి ఆడుకుంటుందట.

గోడలు, చెక్కడాలు, రంగు

వాల్‌పేపర్ అంచులు గోధుమ రంగులోకి తిరిగాయి. అది పాతబడటం కాదు, పచ్చి ప్లైవుడ్‌లోంచి రంగు కాగితంలోకి పాకింది. గోడకి ముందు షెల్లాక్ ప్రైమర్ పూస్తే ఆ పాకుడు ఆగుతుంది. షెల్లాక్‌కి మూలం లక్క పురుగు, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది కూడా ఆ లక్కే. ముందు గది కాగితం మాత్రం బాగా ఉంది, మొదట కట్టినాయన ఎంచుకున్న పువ్వుల డిజైన్, దాన్ని అలాగే ఉంచేశాను. మిగతా గదులకి కాగితంతో ముందు అచ్చు కత్తిరించి సరిచూసుకుని అప్పుడే వాల్‌పేపర్ కోశాను.

వరండా చూరు కింద చెక్కడపు బ్రాకెట్లు కొన్ని విరిగాయి. 19వ శతాబ్దంలో ఆవిరితో నడిచే రంపాలు వచ్చాక ఇలాంటి చెక్కడాలు మిల్లుల్లో చవగ్గా కోసి అమ్మేవాళ్ళు, అందుకే మామూలు ఇళ్ళ వరండాలకి కూడా ఇంత అలంకారం వచ్చింది. మిగిలిన బ్రాకెట్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ఆకారం పడుతుంది. ప్లైవుడ్ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి టేపు చుట్టి కట్టగా చేసి, ఆ కాగితం పైన అతికించి, రంధ్రం పెట్టి, సన్నటి రంపంతో అన్నీ ఒకేసారి కోశాను. మామూలు చెక్క వాడితే పీచు అడ్డంగా వచ్చే సన్నటి మెడ దగ్గర తటాలున విరుగుతుంది, పిల్లలు ఆడే ఇంటికి ప్లైవుడ్డే మంచిది.

రంగు దగ్గర చిన్న యుద్ధం జరిగింది. పాపకి గులాబి రంగు ఇల్లు కావాలి, అక్కకి తెల్లటిది కావాలి. విక్టోరియన్ ఇళ్ళని తెల్లగా చేసింది తర్వాతి తరం. ఆ కాలం చివర్లో ఆలివ్, ముదురు ఎరుపు, ఓకర్ (పసుపు మట్టి రంగు) లాంటి మట్టి రంగులు, కనీసం మూడు కలిపి వేసేవాళ్ళు. శాన్ ఫ్రాన్సిస్కోలో రంగురంగుల వరస ఇళ్ళు ఫొటోల్లో చూస్తాం కదా, అలా కొట్టొచ్చే రంగులు వేయడం 1960ల్లో మొదలైంది. చివరికి గోడకి వాడిపోయిన గులాబి, అంచులకి ముదురు ఎరుపు, తలుపులకి ఆలివ్ అని ఒప్పందం కుదిరింది. పాప గెలిచింది, చరిత్రకి కూడా పెద్దగా దెబ్బ తగల్లేదు.

వంటింట్లో ఇనుప పొయ్యి లేదు. దాని బదులు వాళ్ళమ్మగారు ఊర్నుంచి తెచ్చిన లక్కపిడతల సెట్టు పెట్టమని అక్క అంది. పెట్టి చూస్తే రెండంగుళాల బిందె ఈ కొలతలో రెండడుగుల గంగాళం అయింది, పెళ్ళి వంటలకి సరిపోయేలా. చిన్నవి రెండు గిన్నెలు మాత్రం సరిగ్గా కుదిరాయి, అవి ఉంచి మిగతావి వరండా మెట్ల పక్కన పూలకుండీలుగా పెట్టాం. కొలత తెలిసినవాళ్ళు ముఖం చిట్లిస్తారేమో, ఇల్లు పాపది.

సామాను ఖర్చు రెండు వందల డాలర్లు దాటలేదు, అందులో ఎక్కువ పెంకులకీ ఎల్‌ఈడీలకీ పోయింది. ఇంటిని మందపాటి ప్లైవుడ్ పీట మీద బిగించి, కింద తిరిగే చక్రం పెట్టాను, వెనక గదులకి చెయ్యి అందాలంటే ఇల్లు తిప్పుకుంటే చాలు. ఎత్తేటప్పుడు పీటనే పట్టుకోవాలి, వరండా స్తంభాన్ని కాదు. అక్కకి చెప్పినవి రెండే, అటక మీదికి ఎక్కించొద్దు, కిటికీ ఎండ నేరుగా పడే చోట పెట్టొద్దు. బురుజు పైన ఇనుప కమ్మీల వరస ఇంకా పెట్టలేదు, కోసి రంగు వేసి డబ్బాలో ఇచ్చాను. మొనలు గుచ్చుకుంటాయి, పాప కొంచెం పెద్దయ్యాక అతికిద్దాం అన్నాను.